ఆరున్నొకటి

ఆదివారం లీగ్‌లో గోల్‌కీపర్ జీడిపాకం చేతికి బంతి చిక్కిందంటే చూసేవాళ్లు లేచి టీకి వెళ్లేవాళ్లు. టీ తాగి, నాలుగు కబుర్లు చెప్పుకుని తిరిగొచ్చేసరికి కూడా బంతి అతని గుండెల మీదే ఉండేది. ముందు దాన్ని కావలించుకుని నేల మీద పడుకుంటాడు. పసిపిల్ల ఎక్కడ నిద్ర లేస్తుందో అన్నట్టు మెల్లగా లేస్తాడు. లేచి ఆకాశం చూస్తాడు, గాలి ఎటు వీస్తోందో కనుక్కుంటాడు, బూటుని గోల్‌పోస్టుకి తట్టి అంటని మట్టి దులుపుతాడు. గోల్‌కిక్ అయితే మరీ చోద్యం. బంతిని ఎడమ మూల పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఏదో గుర్తొచ్చినవాడిలా మళ్లీ ముందుకొచ్చి దాన్ని కుడి మూలకి మోసుకెళ్తాడు. అవతలి జట్టు జట్టంతా జుట్టు పీక్కుంటున్నా అతను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు.

అతను ఫర్నిచర్ వర్క్‌షాపులో బల్లలకీ కుర్చీలకీ పాలిష్ వేస్తాడు. ఒక పూత వేసి, అది ఆరేదాకా ఆగి, శాండ్‌పేపరుతో రుద్ది, మళ్లీ పూత. తొందరపడితే పాడయ్యే పని అది, తొందర అనేది తెలియని మనిషికి దొరికింది. "తొమ్మిది నెలలు నిండాక కూడా వీడు బయటికి రావాలా వద్దా అని లోపల కూర్చుని ఆలోచించాడు" అని అతని తల్లి చెప్పేది. ఆమె అతిశయోక్తులు చెప్పే మనిషి కాదు.

అలాంటి జీడిపాకానికి పెళ్లాం కాటా అక్క. ధాన్యం గోడౌన్‌లో కాటా దగ్గర నిలబడి బస్తాలు తూచే ఉద్యోగం ఆవిడది. అందుకే పెద్దా చిన్నా అందరూ ఆవిడని కాటా అక్క అనే పిలుస్తారు. మాటా చేతా రెండూ చురుకే. మొగుడు వరసకి మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ "బావా" అనే పిలుపు, పెళ్లయ్యాక కూడా అది మారలేదు. ఆవిడ "ఆలస్యం అమృతం విషం" అంటుంది, ఆయన "నిదానమే ప్రధానం" అంటాడు. ఇద్దరూ పెద్దలు చెప్పిన మాటే చెబుతున్నారు కాబట్టి ఆ రెండు గదుల ఇంట్లో ఏ వాదనా ఇంతవరకూ తేలలేదు.

ఆ ఏడాది సీజన్‌కి ముందు పళ్ల డాక్టరు క్లినిక్‌లో లీగ్ మీటింగ్ జరిగింది. డాక్టరే లీగ్‌కి ప్రెసిడెంటు. ఆయన ఎదుట నోరు తెరవాలంటే ఎవరికైనా కాస్త జంకే. కానీ ఆ రోజు ఐస్ ఫ్యాక్టరీ జట్టు కెప్టెన్ తెరిచిన నోరు మూయలేదు. ఆ మనిషికి ఐసుగడ్డ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

"డాక్టరుగారూ, ఆటలో సగం మేం ఆడుతున్నాం, మిగతా సగం జీడిపాకం పడుకుంటున్నాడు. వాడికి గ్రౌండు ఎందుకండీ, పరుపు వేస్తే సరిపోతుంది. వాణ్ణి చూసి మిగతా కీపర్లంతా నేర్చుకున్నారు. మా వాడు కూడా!"

"మీ వాడికి నేనేం ఫీజు తీసుకోలేదే" అన్నాడు జీడిపాకం కుర్చీలో వెనక్కి వాలి.

దీన్ని ఎలా ఆపాలా అని తలా ఒక మాట అన్నారు. గోల్‌పోస్టు వెనక బంతులు కుప్ప పోద్దాం, ఒకటి పోతే ఇంకోటి చేతికి వస్తుంది అన్నారొకరు. ఏ బంతి మంచిదో ఎంచుకోవడానికి ఇంకాస్త టైము తీసుకుంటాడన్నారు ఇంకొకరు. పోయిన టైమంతా చివర్లో కలుపుదామంటే, కలిపిన టైములో కూడా పడుకుంటాడు కదా అన్నారు. పసుపు కార్డు చూపిద్దామంటే, "దాన్ని రెండు వైపులా తిప్పి చదువుతాడు" అని ఐసుగడ్డే కొట్టిపారేశాడు. లేసులు లేని బూట్లు తొడిగిద్దామన్న మాట కూడా వచ్చింది. అది విని జీడిపాకం నిజంగానే కొంచెం కలవరపడ్డాడు.

అప్పుడు డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గర పన్ను పీకించుకునేవాళ్లకి ఒకటే చెప్తాను. ఎనిమిది లెక్కపెట్టేలోపు అయిపోతుంది అని. పైకి లెక్కపెడుతుంటే ఎంతటివాడైనా లొంగుతాడు. ఇక్కడా అదే పెడదాం. కీపర్ బంతి పట్టుకోగానే రిఫరీ చెయ్యెత్తి ఒకటి నుంచి లెక్కపెట్టాలి. కీపర్‌కి వినపడేలా, అర్థమయ్యేలా. ఎనిమిది అనేసరికి బంతి ఇంకా వాడి చేతుల్లోనే ఉంటే అవతలి జట్టుకి కార్నర్ కిక్."

అందరికీ నచ్చింది. కానీ అలా అరిచి లెక్కపెట్టే గొంతు ఎవరిది? పాత రిఫరీ బస్సు కండక్టరు. ఆయన గొంతు బస్సులోనే అరిగిపోయింది. అందరి తలలూ ఒకేసారి మూల బెంచీ వైపు తిరిగాయి. అక్కడ కాటా అక్క మొగుణ్ణి ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి, ఎప్పటిలాగే ఎదురుచూస్తూ కూర్చుని ఉంది. గ్రౌండు గీత పక్కన నిలబడి "వదులు బావా, బంతి వదులు!" అని ఆవిడ ఇన్నేళ్లూ వేసిన కేకలు విననివాళ్లు ఆ గదిలో లేరు. ఆటలో నియమాలూ, వాటిని ఎగ్గొట్టే దారులూ రెండూ ఆవిడకి తెలుసు. దారులన్నీ ఇంట్లోనే ఉన్నాయి మరి.

"ఇక విజిల్ మీరే పట్టాలమ్మా. మీ ఆయన ఆడే మ్యాచులకి మాత్రం కండక్టరుగారే" అన్నాడు డాక్టరు. "ఒక్క మాట ముందే చెప్తున్నానమ్మా. రిఫరీ మొగుడికి కొమ్ము కాస్తోందన్న మాట ఎక్కడైనా వినపడిందో, విజిల్ తిరిగి ఇచ్చేయాలి. మీ తప్పున్నా సరే, లేకపోయినా సరే."

ఆవిడ సరేనంది. రిఫరీ పరీక్ష రాసి పాసయింది. మొదటి ఆదివారం విజిల్ ఊదినప్పుడు పరిగెత్తే మగవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. గోడౌన్‌లో రోజంతా నిలబడినా ఆవిడ మొహం ఎవరూ చూడరు, అందరి కళ్లూ కాటా ముల్లు మీదే. ఇక్కడ ఆవిడ చెయ్యెత్తితే ఇంతమంది ఆవిడ వైపు చూస్తున్నారు. ఆ సాయంత్రం నుంచి ఆ విజిల్ అంటే ఆవిడకి ప్రాణం. రాత్రిళ్లు దిండు కింద పెట్టుకునేది. జీడిపాకం ఒకసారి సరదాకి దాన్ని దాచేస్తే ఆ పూట వంట చేయలేదు.

లెక్క దగ్గరే మొదట్లో ఒక చిక్కు వచ్చింది. గోడౌన్‌లో బస్తాలు మోసేవాళ్లు ముందు నుంచి వెళ్తుంటే కాటా దగ్గర మనిషి పైకి పాడినట్టు లెక్కపెడుతుంది. ఆ లెక్కలో ఒకటి లేదు, మొదటి బస్తా "లాభం". ఏడు కూడా లేదు. సరుకు ముందు నిలబడి ఏడు అంటే ఏడుపుని పిలిచినట్టేనని పాత కాటా మనిషి నేర్పింది. ఆరు తర్వాత "ఆరున్నొకటి", ఆ తర్వాత ఎనిమిది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అదే లెక్క. ఇంట్లో దుప్పట్లు మడతపెట్టినా, గ్లాసులు కడిగి బోర్లించినా అదే.

మొదటి మ్యాచులో కీపర్ బంతి పట్టుకోగానే ఆవిడ చెయ్యెత్తి "లాభం! రెండు! మూడు!" అంది. ఎవరికి లాభమో తెలియక ఆ కీపర్ నవ్వాపుకోలేక బంతి జారవిడిచాడు. అవతలివాడు దాన్ని నెట్టేశాడు. గోల్. ఆ వారమంతా ఆవిడ ఇల్లు ఊడుస్తూ, జడ వేసుకుంటూ "ఒకటి, ఒకటి, ఒకటి" అని నాలుకకి నేర్పింది. లాభం పోయి ఒకటి వచ్చింది. ఇక ఆరు తర్వాతి సంగతి ఆవిడకి తట్టనే లేదు, ఎందుకంటే లెక్క ఎప్పుడూ అంతదాకా పోలేదు. ఆ గొంతు విని కీపర్లు నాలుగు అనగానే బంతి విసిరేసేవాళ్లు.

"ఇంట్లో నీ లెక్క వింటే నాకు జాలేస్తుందే" అన్నాడు జీడిపాకం ఒకరోజు. "వచ్చే ఏడు అనాలంటే ఏమంటావు? వచ్చే ఆరున్నొకటి అంటావా?"

"అది సంవత్సరం బావా. అందులో ఏడుపు లేదు."

"ఎందుకు లేదు, వయసు పెరగదూ?"

సీజన్ చివరికి వచ్చింది. ఫైనల్ ఫర్నిచర్ జట్టుకీ ఐస్ ఫ్యాక్టరీకీ. పాయింట్లలో ఫర్నిచర్ జట్టు ముందుంది కాబట్టి మ్యాచు డ్రా అయినా కప్పు వాళ్లదే. అంటే జీడిపాకం చక్కగా పడుకుంటే చాలు. సరిగ్గా ఆ వారమే కండక్టరుగారు సొంత బస్సు మెట్టు మీద నుంచే జారి కాలికి పిండికట్టు వేయించుకున్నాడు. విజిల్ పట్టగలిగినవాళ్లు ఇంకెవరూ లేరు.

డాక్టరు ఐసుగడ్డని పిలిచి అడిగాడు. "ఆవిడే కావాలండీ" అన్నాడు ఐసుగడ్డ. "మొగుడి వేషాలు పెళ్లానికి తెలిసినంత ఎవరికి తెలుస్తాయి? కాకపోతే కళ్లల్లో వత్తులేసుకుని చూస్తుంటాం. కాస్త అటు మొగ్గినా ఊరుకోం."

కాటా అక్క గుండెల్లో రాయి పడింది. న్యాయంగా ఊదినా ఎవడో ఒకడు అనకపోడు. అన్న మరుక్షణం విజిల్ పోతుంది. ఆదివారం పొద్దున బూట్లకి లేసులు ఎక్కిస్తున్న మొగుడి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"బావా, ఇవాళ గ్రౌండులో నేను నీ పెళ్లాన్ని కాను."

"ఇంట్లో కూడా ఎప్పుడు ఉన్నావే, రిఫరీవేగా."

"నవ్వులాట కాదు. నీ వల్ల నా విజిల్ పోయిందో, నీకు ఈ ఇంట్లో ఆలస్యంగా కూడా అన్నం దొరకదు."

అతను తలెత్తి చూశాడు. ఆవిడ కళ్లల్లో భయం కనిపించింది. రెండో బూటు అందుకున్నాడు.

మ్యాచు మొదలైంది. ఐస్ ఫ్యాక్టరీవాళ్లు మొదటి నుంచీ మీద పడిపోయారు. జీడిపాకం మాత్రం ఆ రోజు గోడలా నిలబడ్డాడు, ఎగిరాడు, దూకాడు. అది అందరూ మరిచిపోయే సంగతి గానీ, బంతి పట్టడంలో అతన్ని మించినవాడు ఆ లీగ్‌లో లేడు. వదలడంలోనే వచ్చింది చిక్కంతా. పట్టిన ప్రతిసారీ ఆవిడ చెయ్యెత్తి "ఒకటి! రెండు!" అని మొదలుపెట్టేది. అతను హాయిగా వింటూ నిలబడి, ఆరు చెవిన పడగానే బంతిని దూరంగా తన్నేవాడు. మిగతా కీపర్లలా నాలుగు అనగానే వణికే రకం కాదు. పెళ్లాం గొంతుకి అతను ఎప్పుడో అలవాటు పడ్డాడు.

"కీపర్ గారూ, త్వరగా" అని ఆవిడ ఒకసారి హెచ్చరించింది.

"అలాగే రిఫరీ గారూ" అన్నాడతను వినయంగా. గీత పక్కన అందరూ గొల్లున నవ్వారు.

ఇక ఆట ముగియడానికి కాస్త సమయమే ఉంది. రెండు జట్లకీ గోల్ లేదు. ఐసుగడ్డ కొట్టిన దెబ్బని జీడిపాకం గాల్లోనే అందుకుని, అలవాటుగా దాని మీద పడుకుని, లేచి నిలబడ్డాడు. ఆవిడ చెయ్యెత్తింది. ఐస్ ఫ్యాక్టరీవాళ్లంతా అరుస్తున్నారు, ఫర్నిచర్‌వాళ్లు ఈలలు వేస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఈసారి అతను వదల్లేదు. ఇంకొక్కటి, ఏడు కూడా విని వదులుదామని ఆశపడ్డాడు. కప్పు అంత దగ్గరగా కనిపిస్తుంటే ఎవడికైనా ఆశ పుడుతుంది.

"ఆరున్నొకటి!" అంది ఆవిడ.

అతను కదల్లేదు. బంతిని గుండెలకి ఇంకాస్త గట్టిగా అదుముకుని, తీరిగ్గా మైదానం వైపు చూశాడు.

"ఎనిమిది!" విజిల్ మోగింది. ఆవిడ చెయ్యి కార్నర్ జెండా వైపు తిరిగింది.

జీడిపాకం నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూసేలోపే కార్నర్ కిక్ వచ్చింది, ఐసుగడ్డ తలతో కొట్టాడు, బంతి వలలో పడింది. మైదానం సగం ఎగిరి గంతులేసింది. మిగతా సగం రిఫరీ మీదికి వచ్చింది.

ఫర్నిచర్ జట్టు కెప్టెన్ వర్క్‌షాపు మేస్త్రీ. జీడిపాకానికి పని చెప్పేదీ ఆయనే. "ఏడేదమ్మా?" అని అరిచాడు. "ఆరు విన్నాం, ఎనిమిది విన్నాం. మధ్యలో ఏడు ఏ గోడౌన్‌లో పెట్టి తాళం వేశావు?"

డాక్టరు గబగబా గ్రౌండులోకి వచ్చాడు. "ఏడు అన్నారామ్మా?"

"ఆరున్నొకటి అన్నానండి."

"అంటే?"

"ఏడేనండి." ఆ మాట బయటికి వచ్చాక గానీ తను చేసింది ఏమిటో ఆవిడకి తెలియలేదు.

"ఆరున్... ఒకటి!" అని మేస్త్రీ రెండు ముక్కలు చేసి పలికాడు. "ఈ గోలలో మావాడికి ఏం వినపడుతుందండీ? ఒకటి అని వినపడుతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిందనుకోడా? ఇది కార్నరూ కాదు, అది గోలూ కాదు."

"ఆహా!" ఐసుగడ్డ మధ్యలోకి దూరాడు. "ముందు కార్నర్ ఇవ్వడం, తర్వాత లెక్క తప్పని కొట్టేయించుకోవడం. మొగుడూ పెళ్లాం ఇంట్లో కూర్చుని బాగానే కూడబలుక్కున్నారు!"

ఇన్నాళ్లూ ఆవిడ దేనికి భయపడిందో ఆ మాట వినపడనే వినపడింది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. గోల్ ఉంచితే తన తప్పుకి మొగుడి జట్టు బలి, కొట్టేస్తే మొగుడికి కొమ్ము కాసినట్టు. అయినా ఆవిడ దాచలేదు. "తప్పు నాదేనండి. ఏడు అనాల్సింది. నాలుక అలవాటు" అంది.

డాక్టరు అందరినీ చేత్తో ఆపాడు. "నియమం నేనే పెట్టాను కాబట్టి నేనే చెప్తాను. కీపర్‌కి అర్థమయ్యేలా లెక్కపెట్టాలి అన్నాను. అర్థమైతే లెక్క సరే, గోల్ గోలే. అర్థం కాకపోతే లెక్కే లేదు, గోల్ కూడా లేదు. కీపర్‌నే అడుగుదాం."

మేస్త్రీ మొహం వెలిగిపోయింది. జీడిపాకం భుజం మీద చెయ్యేసి నొక్కాడు. "చెప్పరా, భయపడకు. ఒకటి అనేగా వినపడింది?"

ఐసుగడ్డ చేతులు కట్టుకుని "ఇంకేం చెప్తాడు" అన్నాడు. కాటా అక్క మొగుడి మొహం చూడలేక కార్నర్ జెండా వైపు చూసింది. అతను అర్థం కాలేదంటే చాలు, కప్పు వాళ్ల వర్క్‌షాపు అరలోకి పోతుంది, ఊరంతా నవ్వుతుంది, విజిల్ డాక్టరు జేబులోకి పోతుంది. జీడిపాకం జవాబంటే ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్లు ఒకరిద్దరు అప్పుడే గీత మీద చతికిలబడ్డారు.

"ఆవిడ ఆరున్నొకటి అంటే ఏడని నీకు తెలుసా, తెలీదా?" అన్నాడు డాక్టరు.

"తెలుసండి" అన్నాడు జీడిపాకం, ప్రశ్న పూర్తయీ కాకముందే. "మా ఇంట్లో ఏడుకి అదే పేరు."

మేస్త్రీ చెయ్యి భుజం మీద నుంచి జారిపోయింది. ఐసుగడ్డ వచ్చి కీపర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంకెవరూ రిఫరీని ఒక్క మాట అనలేకపోయారు. సొంత మొగుడే ఓడిపోయి ఒప్పుకున్నాక ఇంకేం పక్షపాతం? మిగిలిన కాస్త ఆటా అయింది. కప్పు ఐస్ ఫ్యాక్టరీకి పోయింది. మేస్త్రీ మాత్రం వెళ్తూ వెళ్తూ "సోమవారం పనికి రా, నీ నిజాయితీకి దండ వేస్తా" అని పళ్లు కొరికాడు.

ఇంటికి వచ్చాక కాటా అక్క కాళ్లు నేల మీద లేవు. వేడినీళ్లు కాచి బకెట్లో పోసి మొగుడి కాళ్ల దగ్గర పెట్టింది. పెళ్లయిన కొత్తలో కూడా అలాంటి మర్యాద జరగలేదు. అతను కాళ్లు నీళ్లలో పెట్టుకుని గ్లోవ్స్ మీద మట్టి ఒక్కో వేలికీ తుడుస్తున్నాడు.

"నిజం చెప్పావు బావా. అంతమందిలో, మేస్త్రీ పక్కనే ఉండగా. నువ్వు తెలీదంటావేమోనని చచ్చిపోయాననుకో."

"ఊఁ" అన్నాడతను.

ఆవిడ స్టవ్ మీద టీ పెట్టి, పంచదార డబ్బా అందుకుని ఆగింది. ఏదో లెక్క కుదరలేదు.

"అవునూ, ఏడని తెలిస్తే మరి ఎందుకు వదల్లేదు?"

బొటనవేలు తుడవడం అయిపోయింది, చూపుడువేలు మొదలుపెట్టాడు. టీ పొంగబోతే ఆవిడ చూడకుండానే మంట తగ్గించింది.

"బావా. నిన్నే. ఎనిమిది వచ్చేస్తుందని తెలిసి కూడా బంతి పట్టుకుని నిలబడే వెర్రివాడివి కాదు నువ్వు."

"ఆ గోలలో ఏం వినపడుతుందే" అన్నాడతను చివరికి, గ్లోవ్స్ వంకే చూస్తూ. "ఒకటి అని వినపడింది. ఎవడో అడ్డం వచ్చాడేమో, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టావు కాబోలు అనుకున్నా. అబ్బ, ఇంకా ఎంత టైముందో అని సంబరపడ్డా కూడా."

"మరి తెలుసని ఎందుకు చెప్పావు?"

"తెలీదంటే నీ విజిల్ లాగేసుకునేవాళ్లు కదా."

అంత మామూలుగా అన్నాడు, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. ఆవిడకి ఒళ్లు మండింది. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క మాట కూడా వెంటనే చెప్పని మనిషి. ఏం కూర వండమంటావంటే వండి వడ్డించాక చెప్పే మనిషి. ఇతని మీద తనకి ఇంత ప్రేమ ఉందని ఆవిడకే ఇవాళ తెలిసింది. ఆ కోపంతోనే, ఆ ప్రేమతోనే వెళ్లి ఫోన్ అందుకుంది.

"ఎవరికే?"

"డాక్టరుగారికి. జరిగింది చెప్పేస్తాను."

"రేపు చెప్పొచ్చుగా! కాస్త ఆలోచించి..."

"నీకు పుణ్యముంటుంది, నువ్వు మాట్లాడకు. అబద్ధం మీద విజిల్ ఊదలేను నేను." ఫోన్ పెట్టేసేసరికి విజిల్ తనది కాదని ఆవిడకి తెలుసు. అయినా ఆగలేదు.

డాక్టరు అంతా విన్నాడు. అవతలి నుంచి ఆయన ఏదో నములుతున్న చప్పుడు వినపడింది.

"అంటే, మీ ఆయన ఓడిపోవడానికి అబద్ధం చెప్పాడు" అన్నాడు చివరికి.

"అవునండి."

"ఆ అబద్ధాన్ని మీరు పట్టించారు."

"అవునండి. విజిల్ రేపు పొద్దున్నే క్లినిక్‌కి తెచ్చి ఇచ్చేస్తాను."

"ఎందుకూ, నేనేం చేసుకుంటాను దాన్ని? పన్ను పీకేటప్పుడు ఊదుకోనా?" డాక్టరు నవ్వాడు. "ఇద్దరు కెప్టెన్లనీ పిలిచి నిజం చెప్తాను. కప్పు చెరో ఆరు నెలలు ఉంచుకోమంటాను. కాదంటే ఇద్దరినీ నా కుర్చీలో కూర్చోబెట్టి నోళ్లు తెరిపిస్తాను. విజిల్ మాత్రం మీ దగ్గరే ఉండాలమ్మా. మొగుడు తన కోసం ఆడిన అబద్ధాన్ని ఫోన్ చేసి మరీ చెప్పే రిఫరీని నేనెక్కడి నుంచి తెచ్చుకోను?"

ఆవిడ గోడకి ఆనుకుంది. కళ్లు తుడుచుకోవడానికి పంచదార డబ్బా కింద పెట్టాల్సి వచ్చింది. అంతసేపూ దాన్ని చంకలోనే పెట్టుకుని మాట్లాడుతోంది.

"ఒక్కటే అర్థం కావట్లేదు" అన్నాడు డాక్టరు. "ఏదైనా గంటసేపు నానబెట్టి గానీ చెప్పడు కదా ఆయన. అంత పెద్ద మాట, కప్పు పోయే మాట, అలా ఎలా అనేశాడు?"

కాటా అక్క మొగుడి వైపు చూసింది. బకెట్లో నీళ్లు చల్లారిపోయాయి. అతను రెండో గ్లోవ్ మొదలుపెట్టి ఇంకా బొటనవేలి దగ్గరే ఉన్నాడు.

"ఏమోనండి" అంది. "ఇవాళ కాస్త తొందరపడ్డాడు."